హాజరుపట్టీలో ఆమె పేరు

అన్నగారి పేరు పిలవగానే ఆమె లేచి నిలబడి, "ప్రెజెంట్ సర్" అంది.

శిక్షణ హాలులోని పదిమందీ వెనక్కి తిరిగి చూశారు. ట్రైనర్ రిజిస్టరు మీంచి తలెత్తాడు. ముప్పై నిండని మనిషి. ఇస్త్రీ చొక్కా, అంతకన్నా మడత నలగని మాట.

"ఇది మగవాళ్ళ పేరు కదండీ?"

"మా అన్నయ్యది. షాపు ఆయన పేరు మీదుంది. నడిపేది నేను. అందుకే నేనొచ్చా."

"ఫ్రాంచైజీ తీసుకున్నవారే పన్నెండు రోజులూ స్వయంగా శిక్షణ పొందాలి. అగ్రిమెంటులో రాసుంది. చదవలేదా?"

"నేను చదివాను. మా అన్నయ్యే చదవలేదు."

హాలంతా ఘొల్లుమంది. అతను మాత్రం లోపలికి వస్తూ ఆమె అన్నగారి పేరుతో రిజిస్టరులో పెట్టిన సంతకాన్ని వెతికి, ఎర్ర సిరాతో కొట్టేశాడు.

"కూర్చోవాలంటే మీ పేరు రాయండి. ఇంకొకరి పేరుతో ఇక్కడ కూర్చోవడం కుదరదు."

ఆమె ముఖం జేవురించింది. కాగితం చిరిగేంత గట్టిగా అదిమి తన పేరు రాసింది.

తండ్రి పోయిన నాటినుంచి, ఎనిమిదేళ్ళుగా, ఆ కిరాణా షాపు షట్టరు ఎత్తినదీ దించినదీ ఆమే. పెద్ద కంపెనీ తన బోర్డు పెట్టుకోమని వచ్చినప్పుడు మాత్రం, వేరే ఉద్యోగం చేసుకుంటున్న అన్నగారి చేత సంతకం చేయించారు. మగపిల్లవాడు ఉండగా ఆడపిల్ల పేరెందుకన్నారు. అది అన్యాయమని ఆ ఇంట్లో ఎవరూ అనలేదు; ఆమె కూడా అనలేదు. ఇప్పుడు ఈ నెలాఖరులోగా శిక్షణ పూర్తికాకపోతే అగ్రిమెంటు రద్దవుతుంది. షాపు వేరొకరి చేతికి పోతుంది.

అందుకని, ముందు శిక్షణ పూర్తిచేస్తే ఏదో ఒక దారి దొరక్కపోదని, ఆమె రోజూ వచ్చింది. రోజూ అతనితో తగవు పడింది.

"పాత తేదీ పాల ప్యాకెట్లు ముందుకి, కొత్తవి వెనక్కి," అన్నాడు అతను, మూడవ రోజు.

"ఎనిమిదేళ్ళుగా అదే చేస్తున్నానండీ."

"అయితే ఇక నేనెందుకు?"

"అదే నేనూ ఆలోచిస్తున్నా."

ఐదవ రోజు ఆమె హాలులో పాల ప్యాకెట్లు పెట్టే కూలరు దగ్గర ఆగి, తలుపు అంచున అరచెయ్యి ఆనించి చూసింది. "దీని రబ్బరు వదులైంది. చల్లదనం బయటికి పోతోంది," అంది. అతను థర్మామీటరు లోపల పెట్టి చూశాడు. వేడి నాలుగు డిగ్రీలు ఎక్కువే ఉంది. ఆమెకేసి చూశాడు. ఆ చూపు ఉండవలసినదానికన్నా ఒక క్షణం ఎక్కువసేపు ఉంది.

ఏడవనాటి మధ్యాహ్నం వాన పట్టుకుంది. వరండాలో ఇద్దరే చిక్కుకున్నారు. జల్లు చెప్పుల దాకా కొడుతోంది.

"మీ అన్నయ్య రాకపోతే ఏమవుతుందో తెలుసా?" అడిగాడు అతను.

"షాపు పోతుంది. మీకు సంతోషమే కదా?"

"పోదండీ. శిక్షణ పొందినవారి పేరుకే అగ్రిమెంటు మార్పించుకోవచ్చు. మీ అన్నయ్య ఒప్పుకుని సంతకం పెడితే చాలు. మొదటిరోజు నుంచీ హాజరు మీ పేరు మీద ఉండాలి. అందుకే ఆ సంతకం కొట్టేశాను."

 ఆమె మాట ఎప్పటిలాగే కోపంగా వచ్చింది.

"ఆ ముక్క అప్పుడే చెప్పొచ్చుగా!"

"చెప్పనిచ్చారా? కళ్ళతోనే నమిలేశారు."

ఆ సాయంత్రం అన్నగారు చిందులు తొక్కాడు.

"నా పేరే తీయించేస్తావా?"

"నువ్వే వచ్చి పన్నెండు రోజులూ కూర్చో అన్నయ్యా. నేను తప్పుకుంటా."

"నాకు సెలవెక్కడ దొరుకుతుందే?"

బట్టలు మడతపెడుతున్న తల్లి చేతులు ఆగాయి. "దానికి ఎనిమిదేళ్ళుగా సెలవే లేదురా. ఆనాడే దాని పేరు పెట్టమనాల్సింది, నోరు మూసుకున్నాను. తప్పు నాది. ఇప్పుడు పెట్టు సంతకం."

అన్నగారు కాగితం తన ముందుకు లాక్కున్నాడు. తరువాత పెన్ను అడిగాడు.

చివరిరోజు పరీక్ష. ఉదయాన్నే ట్రైనర్ ఆమె బల్ల దగ్గరికి వచ్చి గొంతు తగ్గించాడు.

"మీకు పరీక్ష నేను పెట్టడం లేదు. పక్క బ్రాంచి నుంచి మేడమ్ వస్తున్నారు."

ఆమె లేచి నిలబడింది. "నేనేం తప్పు చేశాను?"

"మీరు కాదు. మార్కులు వేసే మనిషికి అందరూ ఒకటే కావాలి. మీ విషయంలో నాకు అలా లేదు. వారం రోజులుగా లేదు."

"అంటే..."

"అంటే అదేనండీ. జవాబు ఇప్పుడు చెప్పకండి. ఫలితం మీ చేతికొచ్చాక, అప్పుడు కూడా మనసుంటేనే చెప్పండి. ఈ షాపు మీ కష్టానికి రావాలి. నా దయ అని ఎవరూ అనకూడదు."

వచ్చినావిడ ఎవరినీ ఉపేక్షించే మనిషి కాదు. గంటన్నరసేపు నిలబెట్టి అడిగింది. రాసిన ప్రతి అంకెనూ రెండుసార్లు చూసింది. చివరికి సర్టిఫికెట్ మీద ఆమె పేరు పూర్తిగా, ఇంటిపేరుతో సహా, తన చేత్తో రాసి ఇచ్చింది.

అతను మెట్ల కింద నిలబడి ఉన్నాడు.

"తొంభై ఒకటి," అంది ఆమె.

"నేనైతే వంద వేసేవాణ్ణి."

"తెలుసు. వెయ్యకుండా తప్పుకున్నారు చూడండి, అందుకే నేను ఒప్పుకుంటున్నా." ఒక మెట్టు దిగి, అతని కళ్ళలోకి సూటిగా చూసింది. "నన్ను అడగడం అయిపోయింది. ఇక వచ్చి మా అమ్మని అడగండి."