ఏడో గదిలో మాట

కొండమీది మౌన హోటల్లో ఏడో గది మంచిది కాదని చెప్పేవాళ్ళు చాలామందే ఉన్నారు. మిగతా గదుల గురించి మంచిగా చెప్పేవాళ్ళూ లేరనుకోండి, అది వేరే సంగతి. పేరు గొప్ప, ఊరు దిబ్బ. మూడు నెలల జీతం పోసి వెళ్ళినవాళ్ళు బల్లలాంటి మంచం మీద పడుకుని, అరచేతంత గిన్నెలో చల్లారిన సూపు తాగి, వారం రోజులు కిక్కురుమనకుండా గడిపి, వెళ్ళేటప్పుడు అభిప్రాయాల చీటీలో మాత్రం కడుపులో ఉన్నదంతా కక్కి పోయేవారట. పరుపు గట్టి... నీళ్ళు చల్లన... కిటికీ తెరుచుకోదు...

ఏడో గది చీటీల్లో పరుపు ఊసే ఉండేది కాదు. ఒక్కటే మాట ఉండేది.

"పక్కన ఎవరో ఉన్నారు."

ఏడో గది వరండాలో చివరిది. దాని పక్కన ఇంకో గది లేదు. గోడ — గోడ అవతల లోయ.

ఒకరు దగ్గు విన్నామన్నారు. ఒకరు గొణుగుడు విన్నామన్నారు. ఒకాయనైతే వచ్చినప్పుడు హోటలువాళ్ళు తీసి దాచిన తన ఫోను కూడా అడక్కుండా, నడిరాత్రి కాళ్ళకు బుద్ధి చెప్పాడట. గోడలకు చెవులుంటాయని విన్నాం. ఆ గోడకు నోరుందని చెప్పుకునేవారు. చివరికి మేనేజరు ఆ గదికి తాళం వేయించింది.

ఆరు నెలల తరవాత ఆ తాళం తీశాక అందులో దిగినావిడ కథ ఇది. ఆవిడతో పాటు పనిచేసిన నర్సు నాకు చెప్పింది. విన్నది విన్నట్టే చెబుతాను.

ఆవిణ్ణి ఆసుపత్రిలో అందరూ చెవులమ్మ అనేవారు. వినికిడి పరీక్ష ఆవిడ పని. రోగిని అద్దాల గదిలో కూర్చోబెట్టి, చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించి, చేతికి ఓ మీట ఇస్తుంది. బయట కూర్చుని సన్నని శబ్దం పంపుతుంది. వినపడగానే రోగి మీట నొక్కితే ఇవతల దీపం వెలుగుతుంది. కొందరు అసలు శబ్దం పంపకుండానే నొక్కేస్తారు — వినపడిందనుకునో, వినపడలేదంటే నామోషీ అనో. అలాంటి నొక్కుల్ని కాగితం మీద ఎర్ర పెన్నుతో కొట్టేస్తుంది. ముప్ఫయ్యేళ్ళలో ఒక్కరినీ వదల్లేదు.

అంతటి మనిషికీ ఇంట్లోనే చుక్కెదురైంది. భర్తకి వినికిడి తగ్గింది. ఆవిడే చెవి మిషను అమర్చిపెట్టింది. ఆయన దాన్ని చొక్కా జేబులో పడేశాడు, చొక్కా బట్టలు ఉతికే మిషన్లో పడింది. "వినదలుచుకోని మనిషితో ఏం మాట్లాడను?" అని ఆవిడ మాటలు మానేసింది.

ఆయన అలిగే రకం కాదు. రోజూ రాత్రి పడగ్గది గుమ్మంలో నిలబడి ఒకే మాట అడిగేవాడు.

"తిన్నావా?"

ఆవిడ గోడవైపు తిరిగి పడుకునేది. పదకొండు రాత్రులు అడిగాడు. పదకొండో రాత్రి ఆవిడ దీపం కూడా ఆర్పేసింది. తెల్లారి చూస్తే ఆయన హాల్లో కుర్చీలోనే వెళ్ళిపోయి ఉన్నాడు.

ఎనిమిది నెలలైంది. కంట చుక్క రాలేదు. పనికి వెళ్ళేది, వచ్చేది. ఆకలి తెలిసేది కాదు, నిద్ర తెలిసేది కాదు. ఒళ్ళంతా మత్తుసూది పొడిచిన పంటి చిగురులా ఉండేది. ఆ పదకొండు రాత్రుల సంగతి ఎవరికీ చెప్పలేదు. కూతురికి తెలిస్తే తల్లిని మౌనం పాటించే చోటికి పంపేదా? పాపం, అమ్మకి కాస్త ప్రశాంతంగా ఉంటుందని, వద్దన్నా వినకుండా కారెక్కించింది.

కొండ ఎక్కుతుండగా డ్రైవరు అడిగాడు.

"ఏ గదండీ?"

"ఏడు," అంది, కూతురు చేతిలో పెట్టిన బుకింగు కాగితం చూసి.

అతను అద్దంలోంచి ఓసారి చూశాడు. మళ్ళీ నోరు విప్పలేదు. హోటలు ఇంకా రానేలేదు, అప్పుడే మౌనం మొదలైందనుకుంది చెవులమ్మ.

లోపల అందరిదీ ఒకటే వేషం. తెల్లని పొడుగు అంగీ, కాళ్ళకు ఉన్ని మేజోళ్ళు. అతిథులే కాదు, పనివాళ్ళు కూడా మాట్లాడకూడదు. ఏం కావాలన్నా చీటీ రాసి పెట్టెలో వేయాలి. మిగతా గదులన్నీ నిండాయని, అందుకే ఏడో గది ఇవ్వాల్సివచ్చిందని మేనేజరు చీటీ రాసి చూపించి తలదించుకుంది.

మొదటి రాత్రి ఏమీ కాలేదు. రెండో రాత్రీ ఏమీ కాలేదు. పొద్దున్న లేచేసరికి గొంతు ఎండిపోయి ఉంది, అంతే. గిన్నెలో సూపు ఎలా పెట్టింది అలాగే ఉంది.

మూడో రాత్రి...

పది కావస్తోంది. దీపం ఆర్పింది. కునుకు పట్టీ పట్టకుండా ఉంది. చీమ చిటుక్కుమన్నా వినపడే నిశ్శబ్దం. గోడలోంచి — అవును, గోడలోంచే —

"తిన్నావా?"

చెవులమ్మ కళ్ళు తెరిచింది. కదల్లేదు.

ఇంకొకరైతే కెవ్వుమనేవారు. ఆవిడకి భయం కూడా సరిగా రాలేదు. అలవాటుకొద్దీ శబ్దాన్ని కొలిచింది. మగ గొంతు. వయసైన గొంతు. సన్నని ధ్వనులన్నీ తెగిపోయి మొద్దుగా వస్తోంది. అలా వచ్చే ఏ ముసలి గొంతైనా ఒకేలా ఉంటుందని ఆవిడకి తెలుసు. తెలిసినా గోడవైపు నుంచి ఇటు తిరిగి, గుమ్మంలో ఎవరైనా నిలబడ్డారేమోనని చూసింది.

ఎవరూ లేరు.

నాలుగో రాత్రి కూర్చుని ఎదురుచూసింది. సరిగ్గా పదికి వచ్చింది. "తిన్నావా?"

జవాబు నోటిదాకా వచ్చింది. పదకొండు రాత్రులు బిగించిన గొంతు, ఇప్పుడు కావాలన్నా తెరుచుకోలేదు. ఐదో రాత్రీ అంతే. ఆ మాట అయిపోయాక గోడకి చెవి ఆనించి చాలాసేపు కూర్చుంది. అవతల ఏదో బరువుగా నిట్టూర్చినట్టయింది... తరవాత ఏమీ లేదు.

ఆరో రోజు పగలు గదంతా వెతికింది. చేతులు కడుక్కునే తొట్టి కింద ఒక పాత ఇనుప గొట్టం కనపడింది. నీళ్ళు రావు. గోడలోకి దూరి, కొండ వాలు వెంట కిందికి పోతోంది. అక్కడ, చెట్ల మధ్య, పంపు షెడ్డు.

అక్కడితో ఊరుకోవచ్చు. ఆ గొంతు భర్తదే అనుకుని ఈ రాత్రి జవాబు చెప్పి వెళ్ళిపోవచ్చు. వెళ్ళి చూస్తే అది ఆయన కాదని తేలుతుంది, ఇక ఆ జవాబు ఎప్పటికీ మిగిలిపోతుంది. ఇదంతా ఆవిడకి తెలుసు. కానీ శబ్దం ఎక్కణ్ణుంచి వస్తోందో చూడకుండా ఉండలేని ప్రాణం. పుట్టుకతో వచ్చిన బుద్ధి ఎక్కడికి పోతుంది?

పదికి ఐదు నిమిషాలుందనగా తలుపు తీసింది. తెల్ల అంగీతోనే, మేజోళ్ళతోనే వాలు దిగింది. మంచు. కాళ్ళ కింద చప్పుడు లేదు. షెడ్డు తలుపు ఓరగా ఉంది.

లోపల ఒక ముసలాయన. హోటలుకి నీళ్ళు తోడే మనిషి. ఒక చెయ్యి వాల్వు మీద ఉంది. వంగి, గోడలోంచి పొడుచుకొచ్చిన తెగిన గొట్టం దగ్గర నోరు పెట్టి —

"తిన్నా..."

వెనక ఎవరో ఉన్నట్టనిపించి తిరిగాడు.

ఆయన గోడకి అతుక్కుపోయాడు. టార్చి వెలుగు ముందు ఆవిడ పాదాల మీద పడింది. పాదాలు వెనక్కి తిరిగి లేవని రూఢి చేసుకున్నాకే మెల్లగా మొహం మీదికి పాకింది.

"ఎవరమ్మా మీరు?" గుసగుసగా అడిగాడు.

ఆరు రోజులుగా వాడని గొంతు. బొంగురుగా వచ్చింది.

"ఏడో గది."

టార్చి కింద పడింది.

"ఏడో గదిలో... ఎవరూ లేరు కదమ్మా. తాళం వేశారు కదా."

"తీశారు. ఆరు రోజులైంది."

"నాకెవరూ చెప్పలేదు," అన్నాడు. తరవాత తనే తల అడ్డంగా ఊపాడు. "ఇక్కడ ఎవరు మాట్లాడతారు గనక, చెప్పడానికి."

ముందువాళ్ళు విన్న దగ్గూ, గొణుగుడూ ఎవరివో ఆవిడకి అర్థమైపోయింది. అంతేనన్నమాట. తన భర్త కాదు. లోపల ఏదో కూలుతుందనుకుంది. ఏమీ కూలలేదు. అదే మొద్దుతనం.

"రోజూ పదింటికి ఎవర్ని అడుగుతున్నారు?"

ముసలాయన సిగ్గుపడ్డాడు. "దెయ్యాన్నమ్మా."

"దెయ్యాన్ని తిన్నావా అని అడుగుతారా?"

"ముందు మాట నాది కాదమ్మా," అన్నాడు. "జవాబే ముందొచ్చింది."

"ఏం జవాబు?"

"ఆరు రోజుల క్రితం వాల్వు తిప్పడానికొచ్చాను. ఈ గొట్టంలోంచి ఆడగొంతు... 'తిన్నాను' అంది. నా పైప్రాణాలు పైనే పోయాయి. కాస్సేపాగి మళ్ళీ, 'తిన్నానండీ' అంది. నిద్రలో పలవరించినట్టుంది. మర్నాడూ అంతే. భయం పోతుందని లెక్కపెట్టాను. రెండు రాత్రులూ పదకొండేసి సార్లు అంది."

చెవులమ్మ పక్కనున్న బోర్లించిన బక్కెట్టు మీద కూర్చుంది.

"అడిగినవాళ్ళు లేకుండా ఒక మనిషి అన్నేసి సార్లు జవాబు చెప్పుకుంటూ ఉంటే వినలేకపోయానమ్మా. దెయ్యమైతే మాత్రం? అందుకని మూడో రోజు నేనే అడిగాను. 'నువ్వు' అన్నందుకు ఏమీ అనుకోకండి, ఆ జవాబుకి అదే సరిపోతుందనిపించింది. అడిగినప్పట్నుంచీ పలకడం మానేసింది. అలిగిందేమో అనుకున్నాను."

నీళ్ళు గొట్టాల్లో పారుతున్న చప్పుడు. ఎనిమిది నెలలుగా తన ఇంట్లో కూడా, వినేవాళ్ళు లేని పడగ్గదిలో, రోజూ పదకొండుసార్లు తను జవాబు చెబుతూనే ఉందేమో. ఊళ్ళో వాళ్ళ చెవులన్నీ కొలిచిన మనిషికి తన గొంతు వినపడలేదు.

ఏడుపు వస్తుందేమోనని చూసింది. రాలేదు.

ముసలాయన టార్చి ఏరుకున్నాడు. మొహమాటంగా అడిగాడు.

"ఇంతకీ... తిన్నారా అమ్మా?"

'తిన్నాను' అనే మాట నాలుక చివరిదాకా వచ్చి ఆగింది.

"లేదు," అంది చెవులమ్మ.

ఆయన తన డబ్బా తెరిచాడు. రెండు రొట్టె ముక్కలు, ఉడకేసిన గుడ్డు ఒకటి. సగం ఆవిడ చేతిలో పెట్టాడు. ఆవిడకి ఆకలేస్తోంది. కడుపు నకనకలాడుతోందని అప్పుడే తెలిసింది. రొట్టె ఎండిపోయి ఉంది. ఒక్క తునక వదలకుండా తినేసింది.

మర్నాడు వెళ్ళేటప్పుడు మేనేజరు అభిప్రాయాల చీటీ చేతికిచ్చి, భయంభయంగా మొహంలోకి చూసింది. చెవులమ్మ ఇలా రాసింది: "ఏడో గదిలో ఎలాంటి శబ్దమూ లేదు. పక్కన ఎవరూ లేరు. పరుపు గట్టి, సూపు చల్లన." కింద సంతకం పెట్టి, వినికిడి పరీక్ష నిపుణురాలు అని కూడా చేర్చింది. ముప్ఫయ్యేళ్ళలో ఆవిడ రాసిన మొదటి తప్పుడు రిపోర్టు అదేనట.

ఆ తరవాతి సోమవారం సంగతి మాత్రం నర్సు కళ్ళారా చూసింది.

ఒక ముసలావిడ అద్దాల గదిలో కూర్చుంది. హెడ్‌ఫోన్లు పెట్టారు, మీట చేతికిచ్చారు. చెవులమ్మ ఇంకా శబ్దం పంపనేలేదు. ముసలావిడ మీట నొక్కేసింది. దీపం వెలిగింది.

నర్సు అలవాటుగా ఎర్ర పెన్ను అందించింది.

చెవులమ్మ పెన్ను తీసుకోలేదు. అద్దంలోంచి ముసలావిణ్ణే చూస్తూ ఉండిపోయింది. కళ్ళు తడిగా ఉన్నాయని నర్సు అంటుంది. తరవాత చెయ్యి చాపి, మెల్లగా, అప్పుడు శబ్దం పంపింది.