చెంప మీది నీడ

ముఖాన్ని వెలుగుతో చెక్కాలి గానీ కంప్యూటర్లో దిద్దకూడదన్నది ఆ ఫొటోగ్రాఫర్ పట్టుదల. పాతికేళ్లుగా స్టూడియో దాని మీదే నడిచింది. ఈమధ్య పనిలో చేరిన బావమరిది మాట వేరు.

"గది నిండా ఈ దీపాలెందుకు బావా? ఏ మచ్చయినా నేను తీసేస్తాగా."

వాదించి వాదించి, చివరికి ఇద్దరూ ఒక మాట అనుకున్నారు. ఈ మధ్యాహ్నం వచ్చే రిటైరైన హెడ్మిస్ట్రెస్ ఫొటో ఏ దిద్దుబాటూ లేకుండా కుదిరితే దీపాలుంటాయి. లేకపోతే రేపే బయటికి.

నల్లతెరలు దించిన గదిలో ఆవిడ కుర్చీలో కూర్చుంది. ఎడమవైపు ఒకే దీపం, కుడివైపు తెల్లని అట్ట. వేడెక్కిన బల్బు మీద దుమ్ము కాలుతున్న వాసన. అంతా చేయి తిరిగిన అమరికే. అయినా, దీపం వైపున్న చెంప మీదే నీడ పడింది.

దీపం జరిపాడు. ఎత్తాడు. దించాడు. నీడ కదల్లేదు. దీపానికీ ఆవిడకీ మధ్య అడ్డమేదీ లేదు. చేత్తో తడిమి మరీ చూశాడు. అక్కడి గాలి మాత్రం చల్లగా తగిలింది.

"గడ్డం కాస్త దించండి మేడం."

ఆవిడ దించలేదు.

"కొంచెం..."

గడ్డం వెంట్రుకవాసి కూడా కదల్లేదు. అరచేయంత నీడ తన పాతికేళ్ల పనితనాన్ని వెక్కిరిస్తున్నట్టనిపించి, అతనికి విసుగు నషాళానికెక్కింది. ఎలా వస్తే అలా రానిమ్మని కెమెరా నొక్కేసి, విసురుగా దీపం ఆర్పి, కెమెరాతో పక్కగదిలోకి వెళ్లి కూలబడ్డాడు.

"దీపాలకి దండం పెట్టేద్దామా బావా?" బావమరిది నవ్వాడు.

"నోరు మూసుకుని ఆ నీడ తీసెయ్యరా."

బావమరిది చెంపని తెర నిండా పెద్దది చేసి, నీడని కొద్దికొద్దిగా పలచన చేశాడు. అతని నవ్వు ఆగిపోయింది.

నీడ కింద చెంప నొక్కుకుపోయి ఉంది. వరసగా నాలుగు గుంటలు... దవడ కింద అయిదోది.

"బావా..." గొంతు తగ్గించాడు. "ఆవిడ ముఖం పట్టుకుని తిప్పావా?"

"నేను ముట్టుకోలేదురా."

అప్పుడు తట్టింది. ఆవిడని లేవమని చెప్పనేలేదు.

తలుపు తీశాడు. చీకట్లో కుర్చీ. గడ్డం పైకెత్తి, ఆవిడ అలాగే ఉంది.

"అయిపోయిందా బాబూ?" పెదవులు సరిగా కదలనట్టు, ముద్దగా వచ్చింది మాట. "అయితే నా పక్కనున్న ఆయన్ని... నా ముఖం వదిలెయ్యమనండి."