దానమ్మ బిందె

శ్రీకాకుళంలో మిల్లు సందు కుళాయి దగ్గర చీకటి పడ్డాక ఎవరూ నిలబడరు. బిందె పెట్టేసి, వెనక్కి చూడకుండా వచ్చేస్తారంతే. ఆటోవాళ్ళయితే సందు మొదట్లోనే దింపేసి, "ఇక్కణ్ణుంచి నడిసెల్లిపోండి బాబూ" అంటారు. ఎందుకంటే... అక్కడ దెయ్యం ఉంది.

ఉంటే ఉంది, దెయ్యం లేని ఊరెక్కడుంది గనక? కానీ ఈ దెయ్యం మనుషుల్ని పట్టదు, రక్తం తాగదు, జుట్టు విరబోసుకుని పాటలు పాడదు. నీళ్ళకి లైన్లో ఉంటుంది. అదీ... మొదటి నంబరు!

నవ్వకండి. నవ్విన రాజకుమారికి ఏమైందో చెబుతాను, ఆగండి.

ఆ సందులో ఇప్పుడు మిల్లు లేదు. మిల్లు పోయి కల్యాణమండపం వచ్చింది, దాని వెనక పొలాలు పోయి అపార్టుమెంట్లు వచ్చాయి. ఆ అపార్టుమెంట్ల బోర్లు పాతాళం దాకా దిగిపోతే, సందులో నూతులన్నీ నోళ్ళు తెరుచుకుని ఎండిపోయాయి. మిగిలింది ఒక్క వీధి కుళాయి. తెల్లారకముందు ఎప్పుడో వస్తుంది, ఎప్పుడు ఆగిపోతుందో దానికే తెలీదు. సరిగ్గా దానికి ఎదురుగా, ఖాళీ జాగాలో పే...ద్ద ఫ్లెక్సీ ఒకటి. అందులో నీలంగా నిండిన ఈతకొలను, ఆ కొలనులో కేరింతలు కొడుతున్న పిల్లలు. రాబోయే అపార్టుమెంటుదట! రాత్రంతా దానికి లైటు కూడా. ఆ ఈతకొలను వైపు చూస్తూ ఖాళీ బిందెలన్నీ వరసగా కూర్చుంటాయి.

మిల్లు సందులో నీళ్ళకి మనిషి నిలబడదు, బిందె నిలబడుతుంది. రాత్రి అన్నాలయ్యాక బిందె తెచ్చి పెడితే మనిషి వచ్చినట్టే. బిందెని జరిపితే మనిషిని మెడపట్టి గెంటినట్టే.

దానమ్మ బతికున్నన్నాళ్ళూ మొదటి బిందె ఆవిడదే. సొట్ట పడ్డ సత్తు బిందె. రెండోది కూర్మమ్మది. ఆ సొట్ట పెట్టింది కూడా కూర్మమ్మే, తన బిందెతో కొట్టి. ఇద్దరికీ మొగుళ్ళు పోయారు, పళ్ళు పోయాయి, ఆ ముందూ వెనకా తగువు మాత్రం పోలేదు. పొద్దున్నే వాళ్ళ తిట్లు వినపడితేనే సందుకి తెల్లారినట్టు.

మొన్న చలికాలంలో దానమ్మ హఠాత్తుగా పోయింది. దినాలయ్యాయో లేదో కొడుకు ఇల్లు పడగొట్టించి జాగా బిల్డరుకి అప్పజెప్పాడు. ఆ ఫ్లెక్సీ లేచింది అక్కడే. సరిగ్గా ఆ మర్నాడే... బిందెల వరసలో అందరికంటే ముందు... సొట్ట బిందె!

పెట్టిందెవరో చూసినవాళ్ళు లేరు. అంతలో కుళాయి ఖళ్... ఖళ్... మంది. నీళ్ళొచ్చే ముందు గొట్టంలో గాలి తన్నుకొచ్చి ఎప్పుడూ అలాగే అంటుంది. ఎప్పుడూ అనేదే, కానీ ఆ రోజు అందరికీ అచ్చం దానమ్మ దగ్గులా వినపడింది. నోరెత్తకుండా ముందు ఆ బిందె నింపి పక్కన పెట్టారు. ఎవరి హడావిడిలో వాళ్ళుండి తిరిగి చూసేసరికి... బిందె లేదు, నీళ్ళూ లేవు.

ఆ సందులోనే ఉండే రాజకుమారి ఒకరోజు నవ్వేసి, "సచ్చినోళ్ళకి నీళ్ళేటి?" అని ఆ బిందెని వెనక్కి నెట్టింది. ఆ సాయంత్రమే మెట్ల మీంచి జారి కాలు విరగ్గొట్టుకుంది. మెట్ల మీద మనవడు నూనె ఒలకబోశాడట. ఆ సంగతి ఎవరిక్కావాలి?

అంతే, అప్పట్నుంచి దెయ్యానిది మొదటి బిందె. "పై లోకంలో కూడా బోర్లేసేసినారు కాబోలు, పాపం" అని జాలిపడేవాళ్ళు జాలిపడ్డారు. ఈ కథ అందరికంటే గొంతెత్తి చెప్పేది కూర్మమ్మే.

ఇదంతా వచ్చి పడింది ధనలక్ష్మి నెత్తిన. గరివిడి నుంచి కొత్తగా వచ్చి సందు మొదట్లో టిఫిన్ బండి పెట్టింది. మొగుడు జగన్నాధం ఆటో తోలతాడు. కొత్తగా వచ్చినవాళ్ళు కాబట్టి బిందెల్లో ఆఖరు బిందె ఆమెది. ఆమె వంతు వచ్చేసరికి కుళాయి గుర్రుమని ఆగిపోతుంది. బిందె అడుగున పిల్లి తాగడానికి సరిపడా నీళ్ళుంటాయి. వాటితో పిండి కలపాలా, పళ్ళేలు కడగాలా? నిన్న ఒకాయన పళ్ళెం ఎత్తి చూపించి, "ఇది మొన్నటి చట్నీ కాదేటమ్మా?" అని ఇడ్లీలు తినకుండానే లేచిపోయాడు. ఆమె మొహం మాడిపోయింది. చట్నీలో వేసే కరివేపాకు బాగుందనే కదా ఇన్నాళ్ళూ జనం వచ్చారు! ఆ ఆకు కూడా ఫ్లెక్సీ వెనక ఎవరూ పట్టించుకోని చెట్టునుంచి కోసుకునేదే. ఇంకొన్నాళ్ళు ఇలాగే జరిగితే బండి మూసుకుని గరివిడి పోవాల్సిందే.

ఎలా చూసినా, దెయ్యం పట్టుకెళ్ళేది సరిగ్గా తన బిందెడు నీళ్ళు.

"బావా, ఈ రేతిరి నాను ఆ దెయ్యాన్ని నిలదీస్తాను" అంది.

జగన్నాధానికి ముద్ద గొంతులో అడ్డం పడింది. "దెయ్యంతో తగువేటే? దానికేటి, సచ్చి కూసుంది. మనం కదా బతకాల!"

"బతకాలనే కదా ఎల్తన్నాను. నువ్వూ రా."

ఆటోని కుళాయికి కాస్త దూరంలో ఆపారు. జగన్నాధం వెనక సీట్లో ముడుచుకుని, రెండు వైపులా పరదాలు దించుకుని, దండకం మొదలెట్టాడు. సగం దాకా వచ్చి మర్చిపోవడం, మళ్ళీ మొదట్నుంచి ఎత్తుకోవడం. ధనలక్ష్మి ఆటో చాటున కూర్చుని కళ్ళప్పగించి చూస్తోంది.

ఉన్నట్టుండి కరెంటు పోయింది. ఈతకొలనూ, అందులో పిల్లలూ చీకట్లో మునిగిపోయారు.

కుక్క ఒకటి మూలిగింది... ఆగిపోయింది.

చర్... చర్... చర్...

సందు చివర్నుంచి ఏదో వస్తోంది. తెల్లగా... మెల్లగా... నాలుగడుగులు వేస్తుంది, ఆగుతుంది. మళ్ళీ చర్... చర్...

ధనలక్ష్మి కొంగు నోట్లో కుక్కుకుంది. దగ్గరకొచ్చింది... ఇంకా దగ్గరకొచ్చింది. ఒళ్ళుంది. చేతిలో కర్ర ఉంది. తల మాత్రం... లేదు! తల ఉండాల్సిన చోట మసక వెన్నెల్లో మెరుస్తూ — సొట్ట బిందె!

నిలదీద్దామని వచ్చిన మనిషి ఆటో చక్రానికి అతుక్కుపోయింది.

పరదా సందులోంచి జగన్నాధం కూడా చూశాడు. చూసి, ఎక్కడ దాక్కోవాలో తెలీక ముందు సీటు మీదకి పడ్డాడు. పడిన చెయ్యి హారన్ మీద పడింది.

పీ...య్!

దెయ్యం గాల్లోకి ఎగిరింది. బిందె ఊడి ఢణాఢణా దొర్లుకుంటూ పోయింది. "ఓలమ్మో! దానమ్మా, సంపకే! నీ బిందె నీ సోట్లోనే ఎడతన్నాను కదే!" అంటూ దెయ్యం నేల మీద కూలబడి రెండు చేతులూ జోడించింది.

ధనలక్ష్మికి ఒక్క క్షణం ఏమీ బోధపడలేదు. దానమ్మని చూసి దానమ్మే భయపడుతుందా?

కరెంటు వచ్చింది. ఈతకొలను వెలుగులో... దోమలకి తల నిండా దుప్పటి కప్పుకుని, గజగజ వణుకుతూ... కూర్మమ్మ!

"నువ్వా మామ్మా!" ధనలక్ష్మికి భయం పోయి ఒళ్ళు మండిపోయింది. "ఇన్నాళ్ళూ నా నీళ్ళు మింగినది నువ్వా? నా బండి మూయించీసి ఏటి బావుకుందామని?"

"నాను తాగనేదే గుంటా." కూర్మమ్మ కళ్ళు తుడుచుకుంది. "ఆఖరి రోజు తగువులో దానమ్మ నా జుట్టట్టుకున్నాది. నాకు కోపమొచ్చి, నువ్వు సచ్చాకేనే నా బిందె ముందుకొస్తాది అన్నాను. ఇంటికెల్లి పడుకున్నాది... మరి లెగనేదు. మర్నాడు నా బిందే ముందర. నీళ్ళొచ్చినాయి గానీ పట్టడానికి మనసొప్పనేదు. నా నోరు ఎంత పాపిష్టి నోరే!"

ధనలక్ష్మి దొర్లిపోయిన బిందెని తెచ్చి ఆమె పక్కన పెట్టింది.

"కొడుకు ఇల్లు కూలగొట్టి ఆ బిందెని రోడ్డు మీద పారేసినాడు. తెచ్చి దాసినాను. దాని సోటు దానికిచ్చీసినాను. నా బిందె ఇంటికాడ దించీసి, మల్లీ వచ్చి దీన్నట్టుకెల్తాను. ముసిల్ది రెండోసారి వచ్చినాదని ఎవులు సూస్తారు?"

"ఆ నీళ్ళేటి సేస్తన్నావు మరి?"

కూర్మమ్మ ఫ్లెక్సీ వెనక్కి చూపించింది. "కరేపాకు సెట్టుకి. అది దానమ్మ ఏసిందే. దాని ఇంట్లో మిగిలింది అదొక్కటే. నువ్వు రోజూ కోసుకెల్లే ఆకు, నీళ్ళు నేకుండా ఎలాగ బతికినాదనుకున్నావే?"

ధనలక్ష్మి సిగ్గుతో తల దించుకుంది. కోపం ఎటు పోయిందో పోయింది.

చివరికి ఇద్దరూ ఒక మాట మీదకి వచ్చారు. ధనలక్ష్మి బియ్యం కడుగు, పప్పు కడుగు ఇక నుంచి చెట్టుకే పోస్తుంది. కుళాయి దగ్గర దెయ్యం బిందె ఉండదు. "కానీ నా దగ్గరుంటే నా సెయ్యి ఆగదు, నువ్వే దాసిపెట్టు" అని సొట్ట బిందె ఆమె చేతికిచ్చేసింది కూర్మమ్మ.

ధనలక్ష్మి ఫ్లెక్సీ వెనక్కి వెళ్ళి, చీకట్లో చెట్టు ముందు నిలబడి, మెల్లగా అంది: "దానమ్మ మామ్మా, నిన్ను నానెప్పుడూ సూడనేదు. నీ సెట్టు నాను సూసుకుంటాను. ఒక్క బిందెడు నీళ్ళు నాకొదిలీ."

ఆకులు గలగలమన్నాయి. గాలే అయ్యుంటుంది.

బిందెని అటక మీద, గోనెసంచుల వెనక పెట్టేసింది. మర్నాడు రాత్రి ఎప్పట్లాగే తన ఆకుపచ్చ ప్లాస్టిక్ బిందెని అందరి వెనక పెట్టి వచ్చి, చాలా రోజుల తర్వాత హాయిగా నిద్రపోయింది.

తెల్లారకముందు వెళ్ళేసరికి కుళాయి దగ్గర ఆడాళ్ళంతా నోళ్ళు తెరుచుకుని నిలబడున్నారు. సొట్ట బిందె లేదు. అందరికంటే ముందు... ఆకుపచ్చ బిందె. తనది!

కుళాయి ఖళ్ళుమంది. నీళ్ళు బొటబొటా పడ్డాయి.

అంతే, కూర్మమ్మ దుప్పటి విసిరేసి నడుం బిగించింది. "ఏటే, గరివిడి దానా! నిన్నగాక మొన్నొచ్చి నాకంటే ముందర ఎడతావేటే? నీ బిందె తగలెయ్య!" అంటూ తన బిందె ఎత్తి ఠంగుమని కొట్టింది. ప్లాస్టిక్ బిందెకి సొట్ట పడింది. ముసలిదాని మొహం వెలిగిపోతోంది. ఎన్నాళ్ళకి! తిట్లు వినపడి, సందులో కిటికీలు ఒక్కొక్కటే తెరుచుకున్నాయి. తెల్లారింది.

ధనలక్ష్మి నవ్వు ఆపుకుంటూ చెవిలో అడిగింది. "నువ్వే కదా మామ్మా, నా బిందె ముందరికి జరిపినావు?"

కూర్మమ్మ తిట్టడం ఆపేసింది. ఎగాదిగా చూసింది.

"నానా? నా ముందర ఇంకోల బిందె నానెడతానా? నాను సచ్చినా జరపనే!"

అదీ నిజమే. ఈ సందులో ఎవరూ జరపరు.

ధనలక్ష్మి నిండు బిందె చంకనెత్తుకుని గబగబా ఇంటికొచ్చింది. అటక కింద మంచం మీద పడుకున్న జగన్నాధం, తడిసిన మొహం తుడుచుకుంటూ లేచి కూర్చున్నాడు.

"ఒసే... వాన పడతన్నాదేటే?"

బయట మబ్బు తునక లేదు. నడివేసవి.

టప్... మని అతని నుదుటి మీద ఇంకో చుక్క పడింది. ధనలక్ష్మి మెల్లగా తలెత్తి చూసింది.

గోనెసంచుల ముందుకి... అటక అంచుకి జరిగి... నిండుగా పొర్లుతోంది సొట్ట బిందె.