ఆపరేషన్ చారల పరిగె

సైంటిస్టు చావడానికి నాలుగు నిమిషాలు పట్టింది.

కోల్డ్‌రూమ్ తలుపుకి బయట గడియ పడింది. అప్పటికే లోపల ఎవరో లిక్విడ్ నైట్రోజన్ క్యాన్‌ని నేల మీద ఒలకబోశారు. ఆవిరైన నైట్రోజన్‌కి వాసన ఉండదు. గదిలోని ఆక్సిజన్‌ని నెట్టేసి తాను తిష్ఠ వేస్తుంది. ఆక్సిజన్ తగ్గితే మోగాల్సిన అలారంలో బ్యాటరీ లేదు. ఆయన ముందు తలుపు గుద్దాడు, తర్వాత గోళ్లతో గీకాడు. పెయింటు లేచిపోయిన గీతలు ఫొటోల్లో చాలా బాగా పడ్డాయి.

ఆ ఫొటోలిప్పుడు చీఫ్ టేబుల్ మీద ఉన్నాయి. ఎదురుగా ముంగి కూర్చున్నాడు. అవసరం లేనిదే నోరు మెదపడు కాబట్టి డిపార్ట్‌మెంట్‌లో అందరికీ అతను ముంగే. అసలు పేరు ఫైళ్లలో ఎక్కడో ఉంది. ఫొటోలో ఉన్న శవం అతని సొంత బావది, అంటే అక్క మొగుడిది.

"బాధగా ఉందా?" అడిగాడు చీఫ్.

"ఉంది సార్."

"మంచిది. దాచుకోకు. ఈ మిషన్‌లో నీ వేషం తమ్ముడు. మేకప్ ఖర్చు కూడా లేదు."

చీఫ్ బ్రీఫింగ్ మొదలుపెట్టాడు. "చారల పరిగె అనే మంచినీటి చేప లోకంలో ఒక్క వాగులోనే మిగిలింది. రెండు వందలుంటాయేమో. మిగతాచోట్లంతా పెంపుడు చేపలతో కలిసి సంకరమైపోయింది. కంటితో చూస్తే తేడా తెలియదు, డీఎన్‌ఏ చూడాల్సిందే. మీ బావ అసలు జాతి వీర్యాన్ని స్ట్రాల్లో, అంటే సన్నటి గొట్టాల్లో, గడ్డకట్టించి కోల్డ్‌రూమ్‌లో దాచాడు. ఆ స్ట్రాలు పోయాయి. విదేశీ ముఠా చేతిలో ఉన్నాయి."

"ఇంకేం కావాలి వాళ్లకి?"

"వాగు. అందులోకి సంకరం పిల్లల్ని వదిలారనుకో, నాలుగు తరాల్లో అసలు జాతి ఖతం. ఆ తర్వాత అసలుది కావాలంటే ప్రపంచమంతా వాళ్ల కాళ్లు పట్టుకోవాలి. మీ బావ పనిచేసిన పరిశోధన కేంద్రంలో వాళ్ల మనిషి ఒకరున్నారు. పట్టుకో."

"ఎవరి మీదైనా అనుమానముందా సార్?"

"నువ్వే చూసుకో," అని చీఫ్ మొహం తిప్పుకున్నాడు. ముంగి అది గమనించి కూడా పట్టించుకోలేదు. అక్కడే పప్పులో కాలేశాడు.

*

చేపల పరిశోధన కేంద్రంలో అక్క హేచరీ చూసుకుంటుంది. చేపపిల్లల్ని పొదిగించి పెంచే పని అది. బావ పోయి మూడు రోజులైనా ఆమె తొట్ల దగ్గరే ఉంది. కళ్లు పొడిగా ఉన్నాయి.

"తిన్నావురా?" అంది తమ్ముణ్ణి చూసి. మోచేతుల దాకా తడి చేసుకుని ఒక చేపపిల్లను అరచేతిలోకి తీసుకుంది. "పొడి చేత్తో ముట్టుకోకూడదు. ఒంటి మీది జిగురు పోతే రోగాలొస్తాయి. ఇలాంటి చారల పరిగె పిల్లలు ఐదు వేలున్నాయి. పదకొండేళ్లు వీటి తల్లుల్ని కంటికి రెప్పలా చూసుకున్నాను."

ముంగి చొక్కా గుండీలో మైకు ఉంది. అక్కడ పలికిన ప్రతి మాటా చీఫ్ చెవిలో పడుతోంది. అక్క ముందు ఆ గుండీ పెట్టుకుని నిలబడటానికి అతనికి సిగ్గేసింది.

"కోల్డ్‌రూమ్ చూడాలక్కా."

"పద. నువ్వు లోపలికెళ్లు, నేను గుమ్మంలో ఉంటాను. ఇక్కడ రూలంతే. ఒకళ్లు లోపలుంటే ఒకళ్లు బయట కాపలా. మీ బావ ఇంకెవర్నీ నమ్మేవాడు కాదు. నేను గుమ్మంలో లేకుండా పదకొండేళ్లలో ఒక్కనాడూ లోపల కాలు పెట్టలేదు తెలుసా?"

గర్వంగానే అంది. ఆ రోజు తను తొట్ల దగ్గర ఉన్నానని, ఆయన ఒంటరిగా వెళ్లాడని పోలీసులకిచ్చిన వాంగ్మూలం ఆ క్షణంలో ఆమెకు గుర్తులేదు. తమ్ముడికి గుర్తొచ్చింది.

"రా మరి," అంది అక్క, తలుపు తీసి పట్టుకుని.

ముంగి ఒక అడుగు వెనక్కి వేశాడు. "తర్వాత చూస్తాలే అక్కా."

తొట్ల దగ్గరికొచ్చాక, ఆమె అటు తిరగ్గానే ఒక చేపపిల్ల తోకరెక్క చివర కత్తిరించి జేబులోని డీఎన్‌ఏ రీడర్‌లో పెట్టాడు. సిగరెట్ పెట్టెంత యంత్రం. గంటకు ఎర్ర లైటు వెలిగింది. సంకరం. బావ కంప్యూటర్‌లో పంపకుండా ఆగిపోయిన ఉత్తరం ఒకటి దొరికింది. 'మా ఆవిడ పెంచిన గుంపంతా సంకరం. మొదట తెచ్చిన తల్లిచేపల్లోనే పొరపాటు జరిగింది. ఒక్కటి మిగలకుండా చంపేయాలి. ఈ సంగతి ఇవాళ తనకి చెప్పాలి.'

చెప్పే ఉంటాడు.

*

వజ్రం మర్నాడు పొద్దున్నే అక్వేరియం షాపులో కలిసింది. ముఠా జీతం తీసుకుంటూ వాళ్ల గుట్టు డిపార్ట్‌మెంట్‌కి అమ్మే మనిషి. పట్టు చీర, నల్ల కళ్లద్దాలు. షాపులో చేపలు కూడా ఆమెనే చూస్తున్నట్టు అనిపించింది.

"నల్ల చేపకి జోడీ ఉందా?" అంది కోడ్ ప్రకారం.

"ఒంటరిగానే బతుకుతుంది."

"చేపపిల్లల్ని ఎక్కించుకుని ట్యాంకర్ ఇవాళ మధ్యాహ్నం పన్నెండుకి వాగుకి బయల్దేరుతుంది," అని గాజు మీద గోటితో మీటింది. "మీ అక్క చాలా మంచిది. మొగుడు చంపమన్న చేపల్ని మేం బతికిస్తామని చెప్పామంతే. తలుపు తనే వేసింది."

పదిన్నరకి ముంగి కేంద్రం చేరేసరికి తొట్లు ఖాళీగా ఉన్నాయి, ట్యాంకర్ ఎప్పుడో వెళ్లిపోయింది. వజ్రం రెండు వైపులా మాట నిలబెట్టుకుంది: వాళ్లకి సమయం, వీళ్లకి అబద్ధం.

జీపు వాగు దారి పట్టింది. ఎంత తొక్కినా అరగంట ప్రయాణం. అప్పటికి ఎప్పుడో వదిలేసి ఉండాలి.

వదల్లేదు. ట్యాంకర్ ఒడ్డునే ఉంది. అక్క థర్మామీటర్ పట్టుకుని బకెట్‌తో వాగు నీళ్లు తోడి ట్యాంకర్‌లో పోస్తోంది. డ్రైవర్ తుపాకీ ఊపుతున్నాడు.

"ఎంతసేపు? వాల్వ్ తిప్పు!"

"నీళ్లు నాలుగు డిగ్రీలు తేడా ఉన్నాయి. ఒక్కసారిగా వదిలితే సగం చస్తాయి. ఇరవై నిమిషాలు కలపాలి," అంది అక్క. ఎవరి తుపాకీ అయినా ఆమెకు లెక్కలేదు. పిల్లల ఒళ్లు వణక్కూడదు, అంతే.

డ్రైవర్ విసుగ్గా వాచీ చూసుకున్నాడు. ముంగి సైలెన్సర్ పిస్టల్ ఒక్కసారి దగ్గింది. అతను మళ్లీ వాచీ చూసుకోలేదు.

అక్క వెనక్కి తిరిగి చూసింది. చెయ్యి వాల్వ్ చక్రం మీదికి పోయింది. చక్రం పావు వంతు తిరిగింది. పైపు చివర మొదటి చుక్కలు కనిపించాయి.

"అక్కా, వద్దు."

"కాల్చుకోరా. వీటిని మాత్రం చంపనివ్వను. ఆయనా చంపేస్తాననే అన్నాడు."

ముంగి కాల్చలేదు. ఒక్క ఉదుటున మీద పడి చక్రం వెనక్కి తిప్పి, ఆమె మణికట్టుకు బేడీ ఒక కొస వేసి, రెండో కొసతో చక్రం కమ్మీని ట్యాంకర్ చట్రానికి కలిపి బిగించాడు. చక్రం ఇక కదలదు. వలలు కడిగే క్లోరిన్ డబ్బా ట్యాంకర్ పక్కనే వేలాడుతోంది. దాన్ని పైకి మోసుకెళ్లి మూత తీసి మొత్తం కుమ్మరించాడు.

ఇనప గోడకి లోపల్నుంచి చిన్న చిన్న దెబ్బలు మొదలయ్యాయి. వందలు, వేలు. అక్క ఆ గోడకే కట్టేసి ఉంది. తలుపు లోపల్నుంచి వచ్చే దెబ్బలు ఆమెకు కొత్త కాదు. ఈసారి మాత్రం తట్టుకోలేకపోయింది. మొగుడి శవం ముందు రాని ఏడుపు ఒక్కసారిగా బయటికొచ్చింది. ముంగి చెవులు మూసుకోలేదు. మూసుకునే హక్కు తనకు లేదనుకున్నాడు.

మూడు నిమిషాల తర్వాత చప్పుడు ఆగింది.

"ఒక్కటైనా ఉంచలేదా?" అంది.

"లేదక్కా."

పక్కన వాగులో అసలు పరిగెలు ఎప్పటిలా ఎదురీదుతున్నాయి. ఆమె అటు తల కూడా తిప్పలేదు.

చెవిలోని ఇయర్‌ఫోన్‌లో చీఫ్ గొంతు వినిపించింది. "శభాష్. వజ్రం గురించి దిగులు పడకు. ఆవిడ ఇన్నేళ్లుగా మనకి ఏమేం అమ్మిందో ముఠాకే చెప్పేశాం. మిగతాది వాళ్లు చూసుకుంటారు."

"మీకు మా అక్క సంగతి ముందే తెలుసు కదా సార్?"

"తెలుసు. నువ్వయితే ఆమె నోరు విప్పుతుందని పంపాను. రిపోర్టు సాయంత్రానికల్లా కావాలి."

సాయంత్రానికి రిపోర్టు అందింది. 'మిషన్‌లో ప్రాణనష్టం' అన్న గడి దగ్గర ముంగి చాలాసేపు ఆగాడు. కింద చిన్న అక్షరాల్లో 'సిబ్బంది మాత్రమే' అని ఉంది. 'నిల్' అని రాసి సంతకం పెట్టాడు.