కరెంటు పోయాక

నూకరత్నానికి బడిలో టీచరు ఉద్యోగం వచ్చిందన్న కబురు శనివారం పొద్దున తెలిసింది. అప్పుడామె చేపముక్కలకు ఉప్పూ పసుపూ పట్టిస్తోంది. గణేశ్వరరావు సైకిలు గుమ్మానికి ఆనించి, ఆర్డరు కాగితాన్ని తలపైకెత్తి పట్టుకున్నాడు. పెళ్లయి మూడు నెలలే. అతనికి భార్యను ఉడికించే సరదా తీరలేదు, ఆమెకు గెంతే సరదా తీరలేదు. పసుపు చేత్తోనే ఎగిరి కాగితం లాక్కుంది. అంచున పడ్డ పసుపు ముద్ర చూసి, శుభమేలే అని ఇద్దరూ నవ్వుకున్నారు.

అత్తగారు గవరమ్మ కాగితాన్ని తిప్పి తిప్పి చూసి దేవుడి పటం ముందు పెట్టింది. "మంచిదమ్మా," అని ఊరుకుంది.

సాయంత్రానికి గణేశ్వరరావు టీవీ, వీసీఆర్ అద్దెకు తెచ్చాడు. నూకరత్నం నవ్వుల సినిమా కావాలంది. గవరమ్మ మాత్రం కొడుకును పక్కకు పిలిచి ఏడుపు సినిమా తెమ్మంది. ఎప్పుడూ ఆమె అడిగేది అదే. అతను రెండు కేసెట్లూ తెచ్చి, ముందు అమ్మది పెట్టాడు.

చీకటి పడగానే పక్కింటి కామమ్మ వేయించిన బఠాణీలతో వచ్చి కూర్చుంది. వాళ్లుండే షాదీపూర్‌లో ఎన్ని ఇళ్లు తిరిగిందో ఆ కేసెట్, బొమ్మ వణుకుతోంది. తెర మీద మొగుడు పోయిన ఇల్లాలు గోడకు ఆనుకుని ఏడుస్తోంది. నూకరత్నం కూడా కళ్లు తుడుచుకుంది. చీకట్లో భర్త తన చిటికెనవేలు పట్టుకుంటే ఆ ఏడుపు కూడా హాయిగానే అనిపించింది. గవరమ్మ కొంగు నోట్లో కుక్కుకుని, భుజాలు అదిరేలా ఏడుస్తోంది.

కరెంటు పోయింది. తెర మీది ఏడుపు ఆగింది. గవరమ్మది ఆగలేదు.

"సినిమా ఆగిపోనాది వదినా. ఇంకెవులి కోసం ఏడుస్తన్నావు?" అని కామమ్మ నవ్వింది. ఎవరూ నవ్వకపోయేసరికి, పొయ్యి మీద అన్నం ఉందని గొణిగి వెళ్లిపోయింది.

ఏడుపు సాగుతూనే ఉంది. నూకరత్నానికి పొద్దుటి ముక్తసరి మాట గుర్తొచ్చి మనసు చివుక్కుమంది.

"నాకు నౌకరీ రావడం మీకిష్టం లేదా అత్తా? సీదాగా చెప్పండి. ఇలాంటి రోజున ఇంట్లో ఈ ఏడుపేంటి?"

గణేశ్వరరావు ఆమె చెయ్యి పట్టి ఆపబోయాడు. గవరమ్మ ఉండనీరా అంది. కొంగుతో ముఖం తుడుచుకుంది.

"ఆ కాయితం సూడగానే మీ మావకి సెప్పాలనిపించినాదే పిల్లా. ఉంటే ఊరంతా తిరిగి సెప్పుకునేవోడు."

మావగారి సంగతి నూకరత్నానికి తెలుసు. ఆరేళ్ల కిందట బంగారురాజు నీళ్లకు అవతలి ఒడ్డున ఉన్న హోప్ టౌన్ రేవు నుంచి డింగీ పడవ వేసుకుని చేపల వేటకు వెళ్లాడు. డింగీ దొరికింది, మనిషి దొరకలేదు. పెళ్లిలో కూడా అందరూ ఆయన వేట నుంచి రావాల్సి ఉన్నట్టే మాట్లాడారు. మొగుడి పేరెత్తి ఒక్కసారీ ఏడవని అత్తగారి బొట్టూ గాజులూ చూసి, ఈమెది రాతిగుండె అనుకునేది నూకరత్నం.

"పోయిన మనిషి జాడ తెలీకముందే ఏడిస్తే మనమే ఒగ్గేసినట్టని మా యమ్మ సెప్పినాది. సముద్రం మరింక ఇవ్వదంట. సినిమాలో ఆడది ఏడిస్తే దాంతో పాటు ఏడవొచ్చు. ఎందుకని ఎవులూ అడగరు. ఆరేళ్లూ అలాగే ఏడిసినాను."

నూకరత్నం చీకట్లో తడుముకుంటూ వెళ్లి అత్తగారి ఒడిలో తల పెట్టుకుంది.

"అవన్నీ నేనే కదమ్మా తెచ్చినాను," అన్నాడు గణేశ్వరరావు. "నీకు ఆ సినిమాలంటే ఇష్టమనుకున్నాను. నాకైనా సెప్పలేదేటి?"

"నువ్వు ఏడిస్తే నేను ఆపలేనురా."

అతను అప్పటికే ఏడుస్తున్నాడు. ఆమె ఆపలేదు.

కరెంటు వచ్చింది. అతను లేచి సినిమా మళ్లీ పెట్టబోతే గవరమ్మ వద్దంది. కోడలి జుట్టు నిమురుతూ అంది.

"రేపు ఆదివారమే గదా. పొద్దున్న ఫెర్రీకి ముగ్గురం హోప్ టౌన్ ఎల్దాం. రేవులో నిలబడి, కోడలికి నౌకరీ వచ్చినాదని మీ మావకి సెప్తాను. సెప్పేసి గట్టిగా ఏడుస్తాను. మీరు నా పక్కనుండండి."