ఇతరాలు: ముప్పై ఒక్క గంటలు

నా టైమ్‌షీట్ నాలుగోసారి తిరిగొచ్చింది. ఈసారి మెయిల్‌లో కాదు, బిందుప్రియే స్వయంగా కాగితం పట్టుకుని నా టేబుల్ దగ్గరికి వచ్చింది.

“జానకిరామ్ గారూ, ఏటండీ ఇది? జూన్‌లో పదకొండు గంటలు ‘ఇతరాలు’ అని రాసేరు. ఇతరాలంటే ఏటి?”

“ఇతరాలంటే ఇతరాలేనండీ.”

“ఐసే నహీఁ చల్తా, అలా కుదరదు. ప్రతి గంటకీ ఓ పేరుండాలి.”

కుర్చీలోంచి లేచాను. మళ్లీ కూర్చున్నాను.

మాది హిందీ వినబడే ఈ ఉక్కు పట్నంలో, సాక్చి బజారులో రెండో అంతస్తులో ఉన్న చిన్న కన్సల్టింగ్ ఆఫీసు. ఆదిత్యపూర్ ఫ్యాక్టరీలకు వాళ్ల పని ఎలా మెరుగుపరుచుకోవాలో మేం చెబుతాం. మా పని ఎలా ఏడ్చిందో బిందుప్రియ చెబుతుంది. ప్రతి అరగంటా ఏం చేశామో మేం రాయాలి. అందులో క్లయింటు కోసం గడిపింది ఎంత శాతమో ఆమె తేల్చి డాష్‌బోర్డులో పెడుతుంది. డెబ్భై దాటితే పచ్చ, లేకపోతే ఎరుపు. వరసగా మూడు నెలలు ఎరుపొస్తే మా యజమాని నీలకంఠం గారు ఆ మనిషిని ఏడాదిపాటు ఒడిశాలోని అంగుల్ సైటుకు పంపేస్తారు.

నాకు ఏప్రిల్ ఎరుపు. మే ఎరుపు.

“జూన్ అరవై ఆరు దగ్గరుంది” అంది ఆమె. “మీ పక్క టేబుల్ చంద్రశేఖర్ గారైతే చాయ్ తాగిన టైము కూడా క్లయింటు పేరు మీదే రాత్తారు. అలా రాయడానికి మీకేటి తక్లీఫ్?”

“చెయ్యని పని రాయలేనండీ. మా నాన్న ముప్పై ఏళ్లు ఉక్కు ప్లాంటు టైమ్ ఆఫీసులో హాజరు రాసేరు. అయిదు నిమిషాలు లేటొచ్చిన సొంత తమ్ముడికే లేటు వేసేరు.”

“అయితే అంగుల్ వెళ్లిపోతారా?”

“వెళ్లాలనుందని ఎవరన్నారు?”

“మరి ఆ గంటలేమైపోయాయో చెప్పండి!”

చెప్పలేను. ఎందుకంటే అవన్నీ ఆమె టేబుల్ దగ్గరే గడిచాయి. ‘ఈ కాలమ్ అర్థం కాలేదండీ’ అంటూ వెళ్లేవాణ్ని. కాలమ్ అర్థం కావడానికి అయిదు నిమిషాలు, ఆమె నవ్వుతుంటే చూస్తూ కూర్చోవడానికి అరగంట. తిరిగొచ్చి బుద్ధిగా ‘ఇతరాలు’లో వేసేవాణ్ని. ప్రేమలో పడ్డవాళ్లు ఉత్తరాలు రాస్తారు. నేను టైమ్‌షీట్ రాశాను.

“సోమవారం రివ్యూ” అంది ఆమె, కాగితం నా టేబుల్ మీద పడేసి. “నేను మాత్రం నంబరు మార్చను.”

శనివారం నాకు అన్నం దిగలేదు. ఆదివారం వాన. సోనారిలో మా ఇంటి నుంచి స్కూటర్ తీసి, సువర్ణరేఖ నది వంతెన దాటి, మాంగో పేటలో ఆమె వీధి మొదటిదాకా వెళ్లి వెనక్కి తిరిగాను. ఇంటికి చేరగానే మళ్లీ బయల్దేరాను. మూడోసారి హెల్మెట్ అందుకుంటే అమ్మ గుమ్మంలో అడ్డం నిలబడింది.

“ఒరే, వానలో ఏటా తిరుగుడు, కాలుగాలిన పిల్లిలాగ?”

“కుఛ్ నహీఁ అమ్మా.”

“కుఛ్ నహీఁ అంటే ఏదో ఉందన్నమాటే!”

సోమవారం తెర మీద నా పేరు పక్కన మూడు ఎర్ర గళ్లు కనబడ్డాయి. అన్న మాట ప్రకారం ఆమె ఒక్క అంకె కూడా మార్చలేదు.

“ఏటయ్యా, మూడు నెలల్లో ముప్పై ఒక్క గంటలు ఇతరాలా?” నీలకంఠం గారు కళ్లజోడు తీశారు. “ఏటి చేసేవు?”

చెబితే అందరిముందూ ఆమె పేరు పైకొస్తుంది. చెప్పకపోతే ఏడాదిపాటు ఆమె కనబడదు. అంగుల్‌కే సిద్ధపడి తల దించుకున్నాను.

“నేను చెప్తానండీ” అంది బిందుప్రియ.

తెర మీద ఇంకో షీటు తెరిచింది. అది ఆమె సొంత టైమ్‌షీట్. మూడు నెలలూ ఒకే మాట: ‘జానకిరామ్ గారికి టైమ్‌షీట్ వివరణ’.

“నిన్న ఇంట్లో కూర్చుని రెండూ పక్కపక్కన పెట్టి చూసేనండీ. తేదీలు కలిసేయి, టైములు కలిసేయి. ఆయన ఇతరాలన్నీ నా దగ్గరే ఉన్నాయి.”

చంద్రశేఖర్‌కు ఉన్నట్టుండి దగ్గొచ్చింది.

నీలకంఠం గారు మళ్లీ కళ్లజోడు పెట్టుకుని తెరకేసి చూశారు. “అతనిది ముప్పై ఒకటి. నీది ముప్పై మూడున్నర. ఈ రెండున్నర గంటలు ఎక్కువెలా వచ్చాయమ్మా?”

ఆమె తల దించలేదు గాని చెవులు ఎర్రబడ్డాయి.

“ఆయన లేచెళ్లిపోయేక కూడా నాకు పని సాగలేదండీ. అది కూడా రాసేను.”

నాకు లేచి గెంతాలనిపించింది. టేబుల్ గట్టిగా పట్టుకుని ఆగాను.

“రూలంటే రూలే. అంగుల్ వెళ్లాల్సిందే” అన్నారు నీలకంఠం గారు, మీసాల చాటున నవ్వు దాచుకోలేక. “ఏడాదొద్దులే, ఆర్నెల్లు చాలు. ఈలోగా ఇద్దరూ ఇళ్లల్లో చెప్పుకోండి. ఆఫీసు టైములో మాత్రం కాదు.”

మెట్ల కింద ఆమె వాన తగ్గడం కోసం నిలబడి ఉంది. రెండేసి మెట్లు దూకుతూ దిగాను.

“కోపమొచ్చిందా, నంబరు మార్చలేదని?” అంది.

“మార్చుంటే వచ్చేది. బిందూ, నువ్వంటే నాకు చాలా ఇష్టం. ముందే చెప్పాల్సింది. భయమేసింది.”

“నాకూ ఇష్టమే. నాకూ భయమేసింది.” ఆమె కళ్లు చెమర్చాయి. “ఆర్నెల్లు ఎలాగ?”

“ఆదివారం అమ్మానాన్నల్ని తీసుకుని మీ ఇంటికి వత్తాను. మాట అనేసుకుంటే అంగుల్ ఎంతలో గడుత్తాది?”

ఆదివారానికి ఇంకా ఎన్ని రోజులో ఆమె వేళ్లు ముడిచి లెక్కపెట్టింది. నాలుగో వేలు దగ్గర ఆగిపోయి నావైపు చూసింది. మూడు నెలలుగా నా ఒక్కడిదే ఈ అవస్థ అనుకున్నాను.

“ఆదివారం దాకా నేనుండలేను. ఇవేళ సాయంత్రమే తీసుకురా” అంది.