మైకులో రాబిన్ పేరు

ఫిబ్రవరిలో ఒక ఆదివారం మధ్యాహ్నం, భోజనాలయ్యాక బల్ల మీది గ్రేవీ మరకలు తుడిచేసి, పాత క్యాలెండర్ కాగితం ఒకటి తిరగేసి పరిచాను. దాని మీద ఏడు గడులు గీశాను. ఆగస్టులో మా సెలవుల వారం అది. బయట బార్న్స్‌లీ ఊరంతా వానలో నానుతోంది. వంటింటి కిటికీ ఆవిరి పట్టి ఉంది.

"శనివారం ప్రయాణం. ఆదివారం నుంచి బుధవారం దాకా రావెన్స్‌బీ బీచ్. గురువారం థీమ్ పార్క్. శుక్రవారం ఏ పనీ లేదు, ఊరికే పడుకోవడమే," అన్నాను.

"గురువారం వానొస్తే?" అన్నాడు క్లైవ్.

"శుక్రవారం వెళ్దాం."

"శుక్రవారం కూడా వస్తే?"

"అప్పుడు నిన్ను బీచ్‌లో పాతిపెట్టి మేం ముగ్గురం వెళ్తాం."

నవ్వాడు. ఆ నవ్వు కోసమే నేను ఆ కాగితం పరిచింది. క్లైవ్ తిరిగి మా ఇంటికొచ్చి అప్పటికి అయిదు వారాలే. అంతకు ముందు ఎనిమిది నెలలు వాళ్ళ అన్న దగ్గర ఉన్నాడు. ఎందుకు వెళ్ళాడో, ఎలా వచ్చాడో ఇప్పుడు అనవసరం. వచ్చాక మేమిద్దరం కలిసి చేసిన మొదటి పని ఆ ఏడు గడులు నింపడం.

పన్నెండేళ్ళ జనీన్ మూతి ముడుచుకుని రేడియేటర్‌కి ఆనుకుని కూర్చుంది. "మా క్లాసులో సగం మంది స్పెయిన్ వెళ్తున్నారు. మనం మాత్రం ఆ చక్రాల డబ్బా ఇంట్లో, కారవాన్‌లో కూర్చుని వణకాలి," అంది.

"వణికితే ఒళ్ళు తగ్గుతుంది," అన్నాడు వాళ్ళ నాన్న. అది అతని మీదికి తువ్వాలు విసిరింది.

ఆరేళ్ళ రాబిన్‌ది ఒకటే గోల. థీమ్ పార్క్ కరపత్రంలో 'గని రైలు' బొమ్మ ఉంది. కొండలోకి దూరి, చీకట్లో తిరిగి, అవతల బయటికొచ్చే రైలు. వాడికి చీకటంటే భయం. రాత్రి నా స్వెటర్ చేతి అంచు పట్టుకోకుండా నిద్రపోడు. అయినా ఆ రైలు ఎక్కాలట.

"అలాంటి రైలు నేను పదిహేనేళ్ళు రోజూ ఎక్కాను. ఒక్కరోజూ నన్ను టికెట్ అడగలేదు," అన్నాడు క్లైవ్. అతను పనిచేసిన గని మూతపడి అప్పటికి రెండేళ్ళు.

ఆ రైలు ఎక్కాలంటే ఇంత ఎత్తు ఉండాలని కరపత్రంలో రాసి ఉంది. వాణ్ణి తలుపు చట్రానికి నిలబెట్టి కొలిచాం. రెండు వేళ్ళు తక్కువ. ఆ రోజు నుంచి ప్రతి ఆదివారం కొలత. వాడు మడమలు లేపి మోసం చేసేవాడు, జనీన్ పట్టుకునేది. జులై చివరికి కూడా రెండు వేళ్ళు తక్కువే.

కాగితం అడుగున నేను ఒక నియమం రాశాను. ఈ వారం ఎవరూ గొడవ మొదలుపెట్టకూడదు, మొదలుపెట్టినవాళ్ళే వారమంతా గిన్నెలు కడగాలి అని. నలుగురం సంతకాలు పెట్టాం. నవ్వుతూనే పెట్టాం కానీ, నాకది నవ్వులాట కాదు.

*

రావెన్స్‌బీలో మొదటి రెండు రోజులూ అనుకున్నట్టే జరిగాయి. గాలికి అడ్డుగా గుడ్డ పాతుకుని, ఇసక కలిసిన శాండ్‌విచ్‌లు తిని, ఫ్లాస్కులో టీ తాగి, సాయంత్రం కారవాన్‌లో పేకాట ఆడాం. జనీన్ కూడా నవ్వింది. రెండో రోజు రాబిన్ రాళ్ళ మీద పడి ఎడమ మోకాలు గీసుకున్నాడు. ప్లాస్టర్ వేశాను.

మంగళవారం మూడున్నర దాటేదాకా మంచి ఎండ. ఉన్నట్టుండి గాలి చల్లబడింది. తల ఎత్తి చూస్తే సముద్రం చివర తెల్లగా ఒక గోడ. ఆ తీరంలో వేసవిలో అలా పొగమంచు రావడం మామూలే. బీచ్‌లో పిల్లల్ని గాడిదల మీద తిప్పేవాళ్ళు అప్పటికే వాటిని వెనక్కి మళ్ళిస్తున్నారు.

"అమ్మా, ఒక్క బకెట్ నీళ్ళు," అన్నాడు రాబిన్.

"త్వరగా రా."

నీళ్ళు ఇరవై అడుగుల దూరంలో ఉన్నాయి. వాడి ఎర్ర నిక్కరు చూస్తూనే ఉన్నాను. మంచు వచ్చి మీద పడింది. నిక్కరు గులాబీ రంగయింది, బూడిద రంగయింది, మాయమైంది. పక్క కుటుంబం కూడా కనపడలేదు. గాడిదల మెడల్లో గంటలు దుప్పటి కింద మోగుతున్నట్టు వినపడ్డాయి. నాచు వాసన, తడి ఇనుము వాసన.

"రాబిన్..."

జవాబు లేదు. లేచి నిలబడ్డాను. మళ్ళీ పిలిచాను. ఒక నిమిషం పట్టిందేమో. మంచులోంచి చిన్న ఆకారం నడుచుకుంటూ వచ్చి నా పక్కన కూర్చుంది. రాబిన్. ఊపిరి పీల్చుకున్నాను. బకెట్ ఖాళీగా ఉంది.

"నీళ్ళేవిరా?"

"అక్కర్లేదు," అన్నాడు.

తువ్వాలు కప్పాను. వాడు ఐసు ముక్కలా ఉన్నాడు. అప్పుడు గట్టు మీది మైకు గరగరలాడింది.

"ఒక బాబు తప్పిపోయాడు. పేరు రాబిన్, వయసు ఆరేళ్ళు. ఎర్ర నిక్కరు, ఎడమ మోకాలికి ప్లాస్టర్. వాళ్ళమ్మ పేరు లోర్నా, నాన్న క్లైవ్. తప్పిపోయిన పిల్లల గదిలో ఉన్నాడు, దయచేసి వచ్చి తీసుకెళ్ళండి."

ముగ్గురం ఒకరినొకరం చూసుకున్నాం. క్లైవ్ జనీన్ వైపు తిరిగాడు. "ఇది నీ పనేనా?"

"నేను ఇక్కడే ఉన్నాగా, నాన్నా."

"మరి ఆ చిప్స్ కొట్టు దగ్గర పరిచయమైన పిల్లలతో చెప్పించావేమో."

"నాకంత ఓపికా?"

రాబిన్ తల ఎత్తలేదు. ఇసకలో వేలితో గీతలు గీస్తున్నాడు. కుడి మోకాలు చూశాను, ఎడమ మోకాలు చూశాను. ప్లాస్టర్ ఎడమ దానికే ఉంది. నాకు నేనే సిగ్గుపడ్డాను.

పది నిమిషాలకి మైకు మళ్ళీ మోగింది. అదే ఆడ గొంతు. "రాబిన్ వాళ్ళమ్మ లోర్నా... బాబు బాగా ఏడుస్తున్నాడు. మీరు 'త్వరగా రా' అన్నారట, వచ్చేసరికి మీరు కనపడలేదట."

గట్టు వైపు తిరిగి చూశాను.

"క్లైవ్... నేను వెళ్ళి చూసొస్తాను."

"ఎవర్ని చూస్తావు? వాడు ఇక్కడే ఉన్నాడు," అన్నాడు గొంతు తగ్గించి. "మొదలుపెట్టకు, లోర్నా."

ఆ మాట అతను ఇంట్లో ఎప్పుడూ అనే మాట. నియమం గుర్తొచ్చింది. కూర్చున్నాను... ఇంకో అయిదు నిమిషాలు అలాగే కూర్చున్నాను. ఆ అయిదు నిమిషాలే ఈ రోజుకీ నన్ను తింటున్నాయి.

మైకు మూడోసారి గరగరలాడింది. మాట లేదు. దూరంగా ఒక పిల్లాడి వెక్కిళ్ళు మాత్రం వినపడ్డాయి. ఏ తల్లికైనా తన బిడ్డ ఏడుపు తెలుస్తుంది. లేచాను.

రాబిన్ నా మణికట్టు పట్టుకున్నాడు. గట్టిగా.

"వెళ్ళకమ్మా," అన్నాడు మెల్లగా. "వాళ్ళమ్మ వస్తుందిలే."

చెయ్యి విడిపించుకుని పరుగెత్తాను.

*

గట్టు మెట్ల పక్కన నీలం రంగు చెక్క గది. లోపల చిన్న హీటరు, బొమ్మల పెట్టె, బల్ల వెనక తెల్లజుట్టు పెద్దావిడ. ఇంకెవరూ లేరు. చిన్న కుర్చీ మీద తడి మరక. నేల మీద ఇసక.

నన్ను చూసి ఆవిడ నవ్వింది. "ఏమైనా మర్చిపోయావా తల్లీ?"

"రాబిన్... రాబిన్ ఏడీ?"

ఆవిడ నవ్వు ఆగిపోయింది. "ఇప్పుడేగా నువ్వు తీసుకెళ్ళింది."

"నేను కాదు."

"అదే పసుపు కార్డిగన్ స్వెటర్, తల్లీ. ఈ గుండీయే ఊడింది," అంటూ నా మెడ దగ్గర వేలు చూపించింది. "పిల్లాడు రానన్నాడు. తలుపు పట్టుకుని వదల్లేదు. నేనే వేళ్ళు విడదీశాను. అమ్మ మీద అలిగాడేమో అనుకున్నాను."

ఆవిడ పుస్తకం నా వైపు తిప్పింది. పిల్లాడి పేరు, వచ్చిన సమయం, తీసుకెళ్ళినవారి సంతకం. నాలుగు దాటి పది నిమిషాలు. సంతకం నాది. లోర్నాలో మొదటి అక్షరానికి నేను పెట్టే మెలికతో సహా.

"పోలీసుల్ని పిలవండి," అన్నాను.

"పిలుస్తాను. ఏమని చెప్పను? నీ బిడ్డ తప్పిపోయాడా?"

తలుపులోంచి బీచ్ వైపు చూశాను. మంచు తప్ప ఏమీ లేదు.

"...లేదు. నా దగ్గరే ఉన్నాడు."

ఆవిడ నన్ను జాలిగా చూసింది. "మరి ఇంకేం తల్లీ?"

బయటికొచ్చి ఆ మంచులో గట్టు పొడుగునా తిరిగాను. రాబిన్, రాబిన్ అని అరిచాను. ఒక్కసారి, చాలా దూరంలో, అమ్మా అని వినపడినట్టు అనిపించింది. అటు పరుగెత్తాను. రెయిలింగ్ తగిలింది. దాని అవతల నీళ్ళు.

మంచు విడిచేసరికి అయిదున్నర. క్లైవ్, జనీన్, రాబిన్ సామాన్లు సర్దుకుని నాకోసం ఎదురుచూస్తున్నారు. రాబిన్ నన్ను చూసి చెయ్యి ఊపాడు.

ఆ రాత్రి వాడు నా చేతి అంచు పట్టుకోలేదు. గోడ వైపు తిరిగి పడుకున్నాడు. క్లైవ్‌కి అంతా చెప్పాను. విని, నా భుజం తట్టి, "ఒకే పేరున్న కుటుంబాలు ఉండవా? ఇంకెవరి పిల్లాడో. నిద్రపో," అన్నాడు. బుధవారం ఒక్కదాన్నే మళ్ళీ ఆ గదికి వెళ్ళాను. తాళం వేసి ఉంది.

*

గురువారం మంచి ఎండ. థీమ్ పార్క్‌కి వెళ్ళాం. నేను రానని చెబితే గొడవ. గొడవ పెట్టడానికి నా దగ్గర ఉన్న కారణం నోటితో చెప్పేలా లేదు.

గని రైలు దగ్గర కొలత పలక ఉంది. రాబిన్ దాని కింద నిలబడ్డాడు. మడమలు నేల మీదే ఉన్నాయి. తల గీతకి తగిలింది.

"చూశావా, ఉప్పుగాలికి పెరిగాడు," అన్నాడు క్లైవ్.

జనీన్ నవ్వలేదు. తమ్ముడి తల వైపు, మడమల వైపు చూసింది. తర్వాత నా వైపు చూసింది. "అమ్మా, నేను ఎక్కను," అంది. రాబిన్ దాని చెయ్యి పట్టుకున్నాడు. "రా అక్కా," అన్నాడు. ఎక్కింది. నాకు గిరగిరా తిరిగేవి పడవు కాబట్టి వాళ్ళ కోట్లు పట్టుకుని బయట నిలబడ్డాను.

రైలు కొండలోకి దూరింది. అరుపులు వినపడ్డాయి. తర్వాత అన్నీ ఆగిపోయాయి. చక్రాల చప్పుడు కూడా. పక్కన నిలబడ్డ ఆయన గడియారం చూసుకుని, "ఇరుక్కుపోయినట్టుంది," అన్నాడు. రెండు నిమిషాలు... మూడు...

రైలు బయటికొచ్చింది. ముగ్గురూ వరసగా కూర్చుని ఉన్నారు. ముగ్గురూ నవ్వుతున్నారు. క్లైవ్ ఎప్పటిలా బూతులు తిట్టలేదు. జనీన్ జుట్టు సరిచేసుకోలేదు.

"ఎలా ఉంది?" అన్నాను.

"బాగుంది," అన్నారు ముగ్గురూ ఒకేసారి.

*

ఇంటికొచ్చి తొమ్మిది వారాలైంది. ఎవరైనా చూస్తే నా అదృష్టానికి కుళ్ళుకుంటారు. క్లైవ్ గొంతు పెంచడు. జనీన్ ఎదురు చెప్పదు. రాబిన్ దీపం ఆర్పమంటాడు. ఒక్కోసారి నేను గదిలోకి అడుగుపెట్టేసరికి ముగ్గురూ బల్ల చుట్టూ ఊరికే కూర్చుని ఉంటారు. ఏదీ తినకుండా, ఏమీ మాట్లాడకుండా. నన్ను చూడగానే కదులుతారు.

ఈ ఉదయం పోస్టులో ఒక కార్డు వచ్చింది. రావెన్స్‌బీ గట్టు బొమ్మ. వెనక పెన్సిలు రాత, తిరగబడ్డ అక్షరాలు. ఆ రాత నాకు తెలుసు. తలుపు దగ్గరే నిలబడి చదివాను.

'అమ్మా, నేను బాగున్నాను. రేపు ఇంటికెళ్దాం అని ఇక్కడి అమ్మ రోజూ చెబుతుంది. ఆ గురువారమే నాన్నా అక్కా వచ్చారు. రైలు చీకట్లో ఆగినప్పుడు దిగమన్నారట. అక్క ఏడుస్తోంది. ఇక్కడ సముద్రం కనపడదు, వినపడుతుంది అంతే.'

వంటింట్లో కుర్చీలు జరిగిన చప్పుడైంది.

"ఎవరు రాశారు, లోర్నా?" అని క్లైవ్ గొంతు. చాలా మెత్తగా.

కార్డు అంచున, చోటు చాలక నిలువుగా రాసిన ఇంకో రెండు వరసలు ఉన్నాయి. కార్డు పక్కకి తిప్పాను.

'ఇక్కడి అమ్మ మన ఇంటి గురించి అన్నీ అడుగుతుంది. ఏ గది ఎటు ఉందో నేను చెప్పాను. నిన్న పెట్టె సర్దుకుంది.'